పదకొండు సెకన్లు

నిజమే చెప్పిన సర్వర్ భాయ్‌కి:
రేసు నేను చూసింది పదకొండు సెకన్లు.

మట్టెవాడ మూలమీద, వాళ్ల నాయిన పెట్టిన షాపుల
తొట్టి ముందు గొంతుక్కూసోని
ట్యూబును నీళ్లల్ల ముంచుతున్నడు, తల ఎత్తలే.
"పదకొండు సెకన్లకు మూడు లక్షలా, మేడం?"
మూడు కాదు, మూడు లక్షల నలభై వేలు.
ఎల్ఐసీ హన్మకొండ బ్రాంచిల
ముప్పై నాలుగేండ్లు మంది చావులకు లెక్కలు గట్టి
వెనకేసిన పైసలు.

చెప్పుకుంట పోయిన.
పద్నాలుగు మందిమి, ఒక బస్సు,
ఎలోడీ అని గైడు పిల్ల. ఆరింటికే లేపి
చేతికో జెండా ఇచ్చి, తెల్లగీత దాటొద్దన్నది.
ఆల్ప్స్ కొండ దిగినంక, లోయల ఒక ఊరి చివర
ఆరు గంటలు కూసున్నం గడ్డిల.
చీర కింద బూట్లేసుకున్నది నేనొక్కదాన్నే.
పక్కన బెల్జియం పోస్ట్‌మాన్, రిటైరైనోడు,
ప్రతి ఏడు వస్తడట. నేనిచ్చిన సకినం
వేలికి తొడిగి గిర్రున తిప్పి
వాళ్ల భాషల ఏదో అన్నడు.
చక్రం అన్నడనే అనుకున్న.

ముందుగాల కంపెనీ బండ్లు వచ్చినయి.
మేడారంల గద్దెల దిక్కు బెల్లం విసిరినట్టు
టోపీలు, బిస్కెట్లు, తాళపుచెవుల గొలుసులు మా మీదికి.
పెద్ద పెద్దోళ్లు చిన్నపిల్లలోలె గుంజుకున్నరు.
నేనూ గుంజుకున్న.

తర్వాత హెలికాప్టర్.
తర్వాత, రేకుల మీద వాన దగ్గరికొస్తున్నట్టు చప్పుడు.
నూటరవై చైన్లు.
కొంగు ఎగిరి మొఖం మీద పడ్డది.
తీసేసరికి రోడ్డు ఖాళీ,
జిందా తిలిస్మాత్ లాంటి వాసన ఒక్కటి మిగిలింది.

"గంతేనా?"

గంతే. కాని ఇంకొకడుండె.
ఇరవై నిమిషాల వెనక, ఒక్కడు.
వాని వెనక మెల్లగ ఒక వ్యాను.
ఆగిపోయినోళ్లను ఎక్కించుకపోతదట,
దాని పేరే చీపురు బండి.
సరిగ్గ నా ముంగట వానికి పంచరైంది.

సర్వర్ భాయ్ చేతులు ఆగినయి.
"అగో! మరి ఎవలేసిండ్రు?"
ఎవలూ వెయ్యలే. కారుల నుంచి ఒకడు దునికి
చక్రమే మార్చిండు, ఎనిమిది లెక్కబెట్టేలోపల.
"పాతది?"
కారు మీద పడేసిండు.
"పంచరే వెయ్యలే?"
నిండు విస్తరిని నేనే పారబోసినట్టు
నా దిక్కు చూసిండు.

ఆ ఎనిమిదిల నేను మొఖం చూసిన.
పిలగాడు. గదువ మీద ఉప్పు ఎండి తెల్లగ,
మోచేతికి నెత్తురు, అదీ ఎండింది.
ఎలోడీ నేర్పిన ఫ్రెంచి మాట గొంతుల ఇరికింది.
"తొక్కు బిడ్డా, తొక్కు" అన్న.
ఏమర్థమైందో, తాగిన సీసా
నా కాళ్లకాడ ఇసిరేసి పోయిండు.

గా మాట నాది కాదు.
డెబ్బై ఆరుల వాళ్ల నాయినది.
గంటకు పావలా కిరాయి,
ఆడపిల్లకైతే ఇంకో పది పైసలు,
పడితే హ్యాండిల్ వంకర తీసే ఖర్చు.
కోట దిక్కు పొయ్యే తొవ్వల నా లంగ చైన్ల పడ్డది.
షాపు మూసి వచ్చిండు, కత్తెరతో అంచు కోసి విడిపించిండు,
గట్లనే అన్నడు, ఎటో చూసుకుంట.
ఆ సాయంత్రం ఇంట్ల తిన్న దెబ్బలు
కిరాయిల రాసుకోలే.

సంచిలకెళ్లి సీసా తీసి ఇచ్చిన.
మూత వాసన చూసిండు, ఒత్తి చూసిండు.
అద్దాల బీరువల పెడతడనుకున్న.
తొట్టిల ముంచి నింపి,
ట్యూబు మీద సన్నగ ధార కొట్టిండు.
బుడగ. ఇంకో బుడగ.
"దొరికింది."

గరుకు కాయితంతో రుద్దుకుంట అడిగిండు:
"చేరిండా మరి, ఆ పిలగాడు?"
తెల్వది భాయ్. మా బస్సు కదిలింది.
రాత్రి హోటల్ల టీవీ ముందు కూసున్న,
గెలిచినోళ్లనే చూపెట్టిండ్రు, పూలు, ముద్దులు.
నంబరు చెప్తే కనుక్కుంటనన్నది ఎలోడీ.
మొఖం చూసిన గని, నంబరు చూడలే.

సొల్యూషన్ రాసి, ఊదుకుంట కూసున్నడు.
అది ఆరేదాంక
ఇద్దరం ఏం మాట్లాడలే.